పత్తి చేనులో విల్లా, రెండో అంతస్తులో మామగారు

ప్రశ్న: మేము హనుమకొండ నయీంనగర్‌లో 11 వేల అద్దెకు రెండో అంతస్తులో ఉంటున్నాం. మావారికి ప్రైవేటు కంపెనీలో నెలకు 62 వేలు, నాకు బడిలో 22 వేలు జీతం. ఇద్దరు పిల్లలు. ఇన్నేళ్ళలో కూడబెట్టింది 14 లక్షలు. మడికొండ దాటాక ఒక కంపెనీ విల్లాలు కట్టబోతోంది. ఇప్పుడు అక్కడ పత్తి చేను, ఒక ఆర్చి, ఒక ఫ్లెక్సీ తప్ప ఏమీ లేవు. ధర 66 లక్షలు. దసరాలోపు 12 లక్షలు కడితే 60 లక్షలకే ఇస్తారట. మూడేళ్ళలో తాళాలు చేతికిస్తామంటున్నారు. రెరా (ఇళ్ళ అమ్మకాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ) నంబరు త్వరలో వస్తుందట. మా ఆడపడుచు భర్త, అన్నయ్యగారే అందులో ఏజెంటు. మావారు దాదాపు ఒప్పుకున్నారు. మామగారికి మోకాళ్ళ నొప్పులు. రోజూ రెండంతస్తులు ఎక్కి దిగలేకపోతున్నారు, అందుకే మాకు సొంత ఇంటి తొందర. కాజీపేటలో పదేళ్ళ కిందట కట్టిన ఇల్లొకటి 55 లక్షలకు ఉందని తెలిసింది కానీ, పాతదని మావారికి నచ్చలేదు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, హనుమకొండ

సమాధానం:

అమ్మా, దసరాలోపు ఆ 12 లక్షలు కట్టకండి. ముందు ఈ మాట చెప్పి, తర్వాత కారణాలు రాస్తాను. గడువు దగ్గరపడుతున్నప్పుడు ఇంట్లో ఎంత ఒత్తిడి ఉంటుందో నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు బ్యాంకులో పనిచేశాను. అందులో సగం కాలం ఇంటి రుణాల ఫైళ్ళే చూశాను. ఇలాంటి ఉత్తరం రాసే స్థితిలో ఉన్న భార్యాభర్తలు నా బల్ల ముందు ఎందరో కూర్చున్నారు.

ఆ కంపెనీ మీకు చూపిస్తున్న ఆరు లక్షల తగ్గింపునే మొదట చూద్దాం. మీరు 12 లక్షలు ఇస్తారు. మూడేళ్ళ తర్వాత అందులో మీకు ఆరు లక్షల లాభం. నూటికి నెలకు దాదాపు రూపాయి నలభై పైసల వడ్డీ పడుతుంది. అంటే మీరు ఆ కంపెనీకి అప్పు ఇస్తున్నారు. ఊళ్ళో తెలిసిన మనిషికి పదివేలు వడ్డీకి ఇచ్చినా ప్రామిసరీ నోటు రాయించుకుంటాం, రెవెన్యూ స్టాంపు అంటిస్తాం, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకుంటాం. మీరు 12 లక్షలు ఇచ్చి, కంపెనీ లెటర్‌హెడ్ మీద ఒక రసీదు తెచ్చుకోబోతున్నారు. ఆ పనికి ఈ దశలో ఏ బ్యాంకూ అప్పు ఇవ్వదు. భూమి కాగితాలు, అనుమతులు చూపించమంటుంది. అవి ఇంకా లేవు కాబట్టి మీ వంటి వాళ్ళ దగ్గరికి వస్తున్నారు.

రెరా నంబరు 'త్వరలో వస్తుంది' అన్న మాటను తేలిగ్గా తీసుకోవద్దు. 2016లో వచ్చిన స్థిరాస్తి నియంత్రణ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలోగాని, ఎనిమిది ఇళ్ళకు మించిగాని కట్టేవాళ్ళు ముందు రెరాలో నమోదు చేసుకోవాలి. ఆ తర్వాతే ప్రకటన ఇవ్వాలి, బుకింగ్ తీసుకోవాలి. నమోదు కాకముందే డబ్బు అడుగుతున్నారంటే మొదటి అడుగే చట్టం దాటి వేశారన్నమాట. నమోదయ్యాక కూడా, రిజిస్టర్ చేసిన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. 60 లక్షలకు పది శాతం ఆరు లక్షలు. మిమ్మల్ని 12 అడుగుతున్నారు.

ఆ చట్టంలో మీకు అన్నిటికన్నా పనికొచ్చే ఏర్పాటు ఇంకొకటుంది. కొనుగోలుదారుల నుంచి వసూలైన ప్రతి రూపాయిలో డెబ్బై పైసలు ఆ ప్రాజెక్టు కోసమే తెరిచిన ప్రత్యేక ఖాతాలో వేయాలి. పని ఎంత జరిగిందో ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరించాకే అందులోంచి తీయాలి. నమోదు కాని ప్రాజెక్టుకు ఆ ఖాతా ఉండదు. మీ 12 లక్షలు మడికొండ విల్లాల ఇటుకలకే పోతాయన్న హామీ ఎక్కడా ఉండదు. ఇంకో ఊళ్ళో ఇంకో భూమికి బయానాగా పోవచ్చు.

ఇది ఊహించి రాస్తున్నది కాదు. 2014లో, ఈ చట్టం రాకముందు, మా తమ్ముడు ఇలాగే ఒక సంస్థకు తొమ్మిది లక్షలు కట్టాడు. వెళ్ళి చూడమని నన్ను పిలిచాడు. వెళ్ళాను. ఆర్చి బాగుంది, అతిథులకు మజ్జిగ ఇచ్చారు, మ్యాపులో పిల్లల పార్కు ఆకుపచ్చగా ఉంది. బ్యాంకులో రోజూ ఇతరుల లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు, అడిగే నేను ఆ రోజు భూమి ఎవరి పేరున ఉందని అడగలేదు. తర్వాత తెలిసింది, ఆ రైతుకు ముగ్గురు చెల్లెళ్ళు ఉన్నారు, వాళ్ళు సంతకాలు పెట్టలేదు, కోర్టుకు వెళ్ళారు. తమ్ముడి డబ్బు ఆరేళ్ళలో విడతలుగా తిరిగివచ్చింది, ఒక్క రూపాయి వడ్డీ లేకుండా. ఈలోగా వాడి కూతురు పెళ్ళికి బంగారం తాకట్టు పెట్టాం. ఆ రోజు నేను ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆగిపోయేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అందుకే మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న: ఆ పత్తి చేను ఎవరిది? వెంచర్ వేసే కంపెనీలు చాలాసార్లు భూమి కొనవు. రైతుతో అభివృద్ధి ఒప్పందం రాసుకుంటాయి, ఇన్ని ఇళ్ళు నీకు, ఇన్ని మాకు అని. అది తప్పేమీ కాదు. కానీ ఆ ఒప్పందం రిజిస్టర్ అయిందా, అందులో మీకు చూపిస్తున్న ఇల్లు కంపెనీ వాటాలోదా, రైతు వాటాలోదా అన్నది చూడాలి. పట్టాదారు కుటుంబంలో అందరూ సంతకం చేశారా అన్నది అంతకన్నా ముఖ్యం. మన రాష్ట్రంలో అప్పటికి పెళ్ళికాని ఆడబిడ్డలకు ఉమ్మడి ఆస్తిలో హక్కు 1985 నుంచే ఉంది, 2005లో దేశమంతటా ఆడబిడ్డలందరికీ వచ్చింది. అయినా ఇప్పటికీ అన్నదమ్ములు మాత్రమే సంతకాలు పెట్టి భూములు ఇచ్చేస్తున్నారు. వంశవృక్షం అడగండి. ఇవ్వడానికి వెనకాడితే అక్కడితో లేచి రండి.

సర్వే నంబరు తీసుకుని ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైట్ భూభారతిలో చూడండి. ఆ భూమి వ్యవసాయేతర భూమిగా మారిందా? నిషేధిత జాబితాలో ఉందా? ఎసైన్డ్ భూమి, అంటే ప్రభుత్వం పేదలకు పంచినది అయితే అమ్మడమే కుదరదు. ఆ నంబరు మీద ఇంకా రైతు భరోసా పడుతోందంటే భూమి మార్పిడి కాలేదని ఒక సూచన. పక్క చేను రైతును అడిగితే అయిదు నిమిషాల్లో చెబుతాడు. ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం) తీయించండి, లింకు డాక్యుమెంట్లు ముప్పై ఏళ్ళ వెనక్కి వెళ్ళాలి. లేఅవుట్‌కు అనుమతి 'కుడా' (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) ఇచ్చిందా, గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ ఇచ్చిందా, నంబరు ఏమిటి అన్నది రాతలో తీసుకోండి. పంచాయతీ కాగితం చూపించి సరిపెడితే ఒప్పుకోవద్దు. 2020 ఆగస్టు 26 తర్వాత అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆగిపోయి, ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ) ఫైళ్ళు పట్టుకుని తిరిగిన వాళ్ళు మన వరంగల్‌లోనే ఎంతమంది ఉన్నారో మీకు తెలిసే ఉంటుంది.

ఇక నీళ్ళ సంగతి. ఇది కాగితాల్లో కనిపించదు, అందుకని కాస్త వివరంగా రాస్తాను. కాకతీయుల కాలం నుంచి మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్ళు కింది చెరువులోకి వెళ్తాయి, అక్కడి నుంచి ఇంకో దానిలోకి. మధ్యలో ఉన్న పొలం ఎండాకాలంలో చదునుగా, అందంగా ఉంటుంది. దాన్ని మట్టి పోసి ఎత్తు చేసి ప్లాట్లు కొడితే, నీళ్ళు తమ దారి మరిచిపోవు. 2020 ఆగస్టులో మీ నయీంనగర్ నాలా పొంగినప్పుడు మీరు అక్కడే ఉంటే చూసే ఉంటారు. 2023 జులైలో బొందివాగు పొంగి హంటర్ రోడ్డు కాలనీల్లోకి నీళ్ళొస్తే జనాన్ని పడవల్లో బయటికి తెచ్చారు. ఆ ఇళ్ళలో చాలా వాటికి గృహప్రవేశం రోజున అంతా బాగానే ఉంది.

కాబట్టి ఒక మంచి వాన పడ్డ మర్నాడు పొద్దున్న మీరిద్దరూ ఆ చేను దగ్గరికి వెళ్ళండి. ఏజెంటు లేకుండా. నీళ్ళు ఎక్కడ నిలిచాయో, ఎటు పోతున్నాయో చూడండి. పక్కనే చెరువు ఉంటే దాని శిఖం (చెరువు నిండితే మునిగే భూమి) ఎక్కడి వరకో, మత్తడి ఎటువైపో అక్కడి పెద్దవాళ్ళను అడగండి. ఇరవై అయిదు ఎకరాలు దాటిన చెరువైతే పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు, చిన్న కుంట అయితే 9 మీటర్లు వదిలి కట్టాలని నిబంధన. పది మీటర్లకు మించిన వెడల్పున్న వాగు, కాలువ పక్కన కూడా 9 మీటర్లు వదలాలి. బ్రోచర్‌లో 'లేక్ వ్యూ' అని రాసి ఉంటే ఈ కొలతలు మరీ శ్రద్ధగా చూడండి.

బ్రోచర్ అన్నాను కాబట్టి మరో మాట. మామునూరు విమానాశ్రయం, టెక్స్‌టైల్ పార్కు, కాజీపేట రైల్వే ఫ్యాక్టరీ, ఔటర్ రింగ్ రోడ్డు అన్నీ అందులో ఉండే ఉంటాయి. ఇవి అబద్ధాలు కావు. టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబర్‌లో శంకుస్థాపన జరిగింది, రైల్వే తయారీ యూనిట్‌కు 2023 జులైలో, మామునూరుకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి వచ్చింది. అయితే టెక్స్‌టైల్ పార్కు గీసుకొండ, సంగెం వైపు, ఊరికి తూర్పున. మామునూరు ఖమ్మం రోడ్డులో. మీరు చూస్తున్న చేను హైదరాబాద్ రోడ్డులో, పడమర. కాజీపేటకు కోచ్ ఫ్యాక్టరీ వస్తుందన్న మాట 1980ల నుంచి వింటున్నాం. ఆ మాట మీద చుట్టుపక్కల స్థలాలు కొన్నవాళ్ళ పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు. విమానాశ్రయం వస్తే సంతోషమే. కానీ మీ పాప బడి బస్సు ఆ ఆర్చి దాకా వస్తుందా, రాత్రి ఎనిమిదింటికి మీ వారు రాకపోతే మీకు వెళ్ళే ఆటో ఉంటుందా అన్నవి మీ రోజులను నిర్ణయిస్తాయి. కొత్త వెంచర్‌లో మొదట నాలుగైదు కుటుంబాలే దిగుతాయి. మిగతా ఇళ్ళు ఖాళీగా, వీధి దీపాలు సగం వెలిగి, తాగునీటికి ట్యాంకర్ కోసం చూస్తూ రెండు మూడేళ్ళు గడపాల్సి రావచ్చు.

ఇప్పుడు డబ్బు. 60 లక్షల ఇంటికి బ్యాంకు 80 శాతం, అంటే 48 లక్షలు ఇస్తుంది. 12 మీరు పెట్టాలి. కట్టుబడిలో ఉన్న ఇంటికి జీఎస్టీ 5 శాతం, మూడు లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చు మన దగ్గర మొత్తం ఏడున్నర శాతం, నాలుగున్నర లక్షలు. కలిపితే మీ చేతి నుంచి 19 లక్షల 50 వేలు. మీ దగ్గర 14 ఉంది. ఫ్యాన్లు, గ్రిల్లులు, వంటగది చెక్కపని నేను లెక్కే వేయలేదు. ఆ అయిదున్నర లక్షల తేడా ఎక్కడి నుంచి తెస్తారో మీ ఉత్తరంలో లేదు. మీ బంగారం మీదికే వస్తుందని నా భయం.

కట్టినంత కాలం బ్యాంకు డబ్బు స్లాబు లెక్కన విడుదల అవుతుంది, ఇచ్చినంత మేర వడ్డీ మీరు కడుతూ పోవాలి. 8.5 శాతం అనుకుంటే 48 లక్షలూ ఇచ్చేసిన నాటికి నెలకు 34 వేలు వడ్డీకే పోతుంది. పైన 11 వేల అద్దె. 84 వేల ఆదాయంలో 45 వేలు, ఇంకా మీరు ఇంట్లో దిగకముందే. అసలు మీద కోత పడదు. మూడేళ్ళన్నది నాలుగేళ్ళయితే ఆ ఒక్క ఏడాదికే అయిదు లక్షల 40 వేలు. ఆలస్యమైతే కట్టిన డబ్బు వడ్డీతో సహా తిరిగి అడిగే హక్కు రెరా చట్టం మీకు ఇస్తుంది, అది నిజం. కానీ ఆదేశం రావడం వేరు, ఆ డబ్బు మీ ఖాతాలో పడటం వేరు. దాన్ని నమ్ముకుని నెలవారీ ఖర్చు నడవదు.

ఇక మీరు ఉత్తరం చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేసిన కాజీపేట ఇంటి గురించి. నాకు ఉత్తరమంతటిలో ఆ వాక్యమే ముఖ్యంగా కనిపించింది. 55 లక్షలు. బ్యాంకు తన వాల్యుయేషన్ అంతే వేస్తే 44 లక్షలు ఇస్తుంది. మీరు 11 పెట్టి, రిజిస్ట్రేషన్‌కు నాలుగు లక్షల 12 వేలు కలుపుకుంటే 15 లక్షల పైచిలుకు. జీఎస్టీ లేదు. ఇరవై ఏళ్ళకు నెలవారీ కిస్తు దాదాపు 38 వేలు వస్తుంది, తాళాలు తీసుకున్న నెల నుంచి 11 వేల అద్దె ఆగిపోతుంది. తక్కువ పడేది లక్ష చిల్లర. బేరం ఆడితే అదీ తగ్గవచ్చు. పదేళ్ళ ఇల్లు పాతది కాదమ్మా. పదేళ్ళ వానలకు తట్టుకుందో లేదో కళ్ళతో చూసుకోగలిగిన ఇల్లు. డాబా మీద పగుళ్ళు, బాత్రూం గోడల చెమ్మ, వేసవిలో బోరు ఎంతసేపు పోస్తుంది, నిర్మాణ అనుమతికి తగ్గట్టే కట్టారా, ఇంటిపన్ను అమ్మేవాళ్ళ పేరునే ఉందా. ఇవి చూసుకుంటే చాలావరకు తేలిపోతుంది. సందు ఇరుకుగా ఉండవచ్చు, వంటగది మీకు నచ్చకపోవచ్చు. ఆ లోపాలన్నీ ఈ రోజే కనిపిస్తాయి.

మీ వారికి కొత్త ఇల్లు మీద మనసుంది. అందులో తప్పులేదు. ఇన్నేళ్ళు అద్దె ఇళ్ళలో మేకు కొట్టడానికి కూడా అనుమతి అడిగిన మనిషికి, తన పేరుతో మొదటిసారి తలుపు తెరవాలన్న కోరిక ఉంటుంది. కోరికను తక్కువ చేసి మాట్లాడకండి. కానీ మీరు ఇల్లు ఎందుకు కావాలని రాశారో ఆయనకు ఒకసారి గుర్తుచేయండి. మామగారి మోకాళ్ళ కోసం. ఆ పెద్దాయన బాధ ఈ రోజుది. విల్లా మూడేళ్ళ తర్వాతది, అదీ అన్నీ అనుకున్నట్టు జరిగితే. మూడేళ్ళపాటు ఆయన రోజూ ఆ మెట్లు ఎక్కుతూనే ఉంటారా? బ్రోచర్ ఇంకోసారి తీసి చూడండి, విల్లాలు చాలావరకు పైన పడకగదులు ఉండే డూప్లెక్సులే. కింద ఒక పడకగది, బాత్రూం ఉన్నాయో లేదో మీరు రాయలేదు.

కాజీపేట ఇల్లు కుదరకపోయినా సరే, ఏ ఇల్లూ కొనకపోయినా సరే, ముందు కింది అంతస్తులో అద్దె ఇల్లు వెతకండి. నెలకు రెండు వేలు ఎక్కువైనా పర్వాలేదు. అది చేసిన రోజు నుంచి మీ తొందర సగం తగ్గుతుంది, అప్పుడు ఇల్లు నిదానంగా చూసుకోవచ్చు.

అన్నయ్యగారి విషయం ఎలా చెప్పాలన్నది మీకు అన్నిటికన్నా కష్టంగా ఉండి ఉంటుంది. ఆయన మిమ్మల్ని మోసం చేస్తున్నారని నేను అనను. కంపెనీ చెప్పింది ఆయన నమ్మే ఉంటారు. మా తమ్ముడికి చెప్పిన మనిషి కూడా నమ్మాడు, తన డబ్బు కూడా పెట్టాడు. కాబట్టి గొడవ వద్దు. మీ వారితోనే చెప్పించండి: 'బావా, రెరా నంబరు వచ్చిన రోజు చెప్పు. వెబ్‌సైట్‌లో ప్లాను, పూర్తి చేసే తేదీ చూసుకుని, బ్యాంకు ఆ ప్రాజెక్టుకు లోను ఇస్తానంటే, పది శాతం కట్టి ఒప్పందం రిజిస్టర్ చేయించుకుంటాం. అప్పుడు 66 అయినా మాకు ఇష్టమే.' ఆ ధరకు మీరు నిజంగా కొనాలా వద్దా అన్నది అప్పుడు చూద్దాం. ఇలా చెబితే బంధుత్వానికి నొప్పి తగలదు, మాటలోనూ తప్పు లేదు. ఆయన దానికి కోపగించుకుంటే, ఆడపడుచుతో మీరు విడిగా మాట్లాడండి. తండ్రి మోకాళ్ళ సంగతి ఆమెకూ తెలుసు.

ఈ ఆదివారం మామగారిని ఆటోలో ఎక్కించుకుని కాజీపేట ఇల్లు చూసి రండి. మీ వారు రానంటే మీరే తీసుకెళ్ళండి. ఆయనను గేటు నుంచి పడకగది దాకా, అక్కడి నుంచి బాత్రూం దాకా తనంతట తాను నడవనివ్వండి. గడప ఎత్తు ఎంతుందో, ఎన్ని మెట్లున్నాయో, పట్టుకోవడానికి గోడ ఉందో లేదో చూసి నాకు మళ్ళీ రాయండి. డాక్యుమెంట్ల నకళ్ళు కూడా పంపితే చదివి చెబుతాను.